దుఃఖము తగ్గుట ద్రోహమగునా?

(చదువుకొనవలసిన భాగములు: ఆదికాండము 37, 41–45 అధ్యాయములు, యోహాను సువార్త 18, 21 అధ్యాయములు)



మా సంఘములోని ఒక సహోదరి నన్నొక ప్రశ్న అడిగినది. దానికి నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. సెమినరీలో మాకు గ్రీకు భాష నేర్పిరి, ప్రసంగము సిద్ధపరచుట నేర్పిరి, సంఘ చరిత్ర నేర్పిరి. ఇట్టి ప్రశ్న ఒకనాడు వాకిటిలో నిలుచునని మాత్రము ఎవరును చెప్పలేదు. ఆమె అనుమతితోనే ఈ సంగతి వ్రాయుచున్నాను. పేరు వ్రాయను.

మా పేటకును మందిరమునకును నడుమ పంట కాలువ యున్నది. 2017వ సంవత్సరము ఆగస్టు నెలలో కాలువ నిండుగా పారుచుండగా ఆమె రేవులో బట్టలు ఉదుకుచుండెను. తొమ్మిదేండ్ల కుమారుడు ప్రక్కనే ఆడుకొనుచుండెను. వాని చెప్పు ఒకటి నీళ్లలో పడి కొట్టుకొనిపోవుచుండగా దానికొరకు వంగినాడు. అంతే. మరునాటి ఉదయము లాకుల దగ్గర దొరికినాడు. రెండవ చెప్పు రేవు మెట్టుమీదనే యుండెను.

ఆ దినము మొదలుకొని ఐదేండ్లు ఆమె వంతెన దాటలేదు. బండమీద బట్టలు బాదు చప్పుడు దూరమునుండి విననైనను ఆమె చేతులు చల్లబడును, గుండె దడదడలాడును, ఊపిరి ఆడదు. “జ్ఞాపకమొస్తోంది” అని ఆమె ఎన్నడును అనలేదు. “మళ్లీ జరుగుతోంది, అయ్యగారూ” అనెడిది. ఈ రెండు మాటలకు భేదమున్నదని నాకప్పుడు తోచలేదు. మందిరము ఆవలి గట్టున నున్నది గనుక ఆమె ఆరాధనకు రాలేదు, ప్రభు సంస్కారమునకు రాలేదు. విశ్వాసము చల్లారినదని కొందరనుకొనిరి. ఆమె పేరు సంఘ పుస్తకములోనుండి కొట్టివేయవలెనని ఒక పెద్ద సూచించెను కూడ.

ఆ పెద్దను నేను గద్దించితిని గాని, నేను చేసినదియు మేలైనది కాదు. ఒక సాయంకాలము ఆమె ఇంటికి పోయి, యోసేపు తన జ్యేష్ఠకుమారునికి మనష్షే అని పేరు పెట్టిన సంగతి చెప్పితిని. తన బాధనంతయు దేవుడు మరపించెనని యోసేపు చెప్పుకొనెను గదా, నీవును మరచిపొమ్మని బోధించి, ప్రార్థన చేసి లేచితిని. ఆమె తల వంచుకొని వినినది. ఆ తరువాత నేను వచ్చుచున్నానని తెలిసిన దినములలో ఆమె పెరటి దారిన ప్రక్క ఇంటికి పోవుచుండెనని చాల కాలమునకు తెలిసినది.

ఆ అధ్యాయములను నేను సరిగా చదివియుండలేదు. మనష్షే పుట్టిన తరువాతనే గదా అన్నలు ధాన్యము కొరకు ఐగుప్తునకు వచ్చిరి! వారి మాటలు వినుచు యోసేపు వారియొద్దనుండి తొలగిపోయి ఏడ్చెను. బెన్యామీనును చూచి లోపలి గదిలోనికి పోయి ఏడ్చెను. చివరకు ఫరో ఇంటివారు వినునంత బిగ్గరగా ఏడ్చెను. మరచినవాడు ఇన్నిమారులు ఏడ్చునా? కుమారునికి పెట్టిన పేరు ఒకటి, గుండెలో నున్నది ఒకటి. నేనా పేరును పట్టుకొని, కన్నీళ్లను విడిచిపెట్టి, బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ప్రసంగము చేసితిని.

2022వ సంవత్సరములో పట్టణములో నర్సుగా పనిచేయుచున్న ఆమె పెద్ద కుమార్తె తల్లిని ఒక మానసిక వైద్య నిపుణురాలి యొద్దకు తీసికొనిపోవ నిశ్చయించెను. కన్నులను ఇటునటు కదలించుచు చేయు చికిత్స యొకటి యున్నదనియు, దానివలన ఇట్టి బాధ తగ్గుననియు ఆ అమ్మాయి చెప్పెను. బయలుదేరుటకు ముందటి రాత్రి ఆ సహోదరి నాకు కబురు పంపినది. నేను పోగా ఆమె అడిగిన ప్రశ్న ఇది:

“అయ్యగారూ, ఆ నొప్పి పోతే నేను నా బిడ్డను వదిలేసినట్టు కాదా? వాడు నాకు మిగిల్చింది అదొక్కటే.”

మంచిదని గాని, వెళ్లవద్దని గాని నేను చెప్పలేదు. ఆమె మంచముమీద కూర్చుండి యుండగా నేను గడపలో కొంతసేపు నిలిచి వచ్చితిని.

దుఃఖము తగ్గుట ద్రోహమని తలంచినది ఆమె యొక్కతెయే కాదు. రక్తపు మరకల అంగీని చూచి యాకోబు గోనెపట్ట కట్టుకొనెను. కుమారులును కుమార్తెలును అందరు లేచి ఓదార్చవచ్చిరి. అతడు ఓదార్పు పొందనొల్లలేదు. దుఃఖించుచునే సమాధికి పోవుదుననెను. ఓదార్పు పొందినయెడల యోసేపు రెండవమారు చనిపోవునని ఆ తండ్రి హృదయము అనుకొనెను కాబోలు. మన పల్లెలలోను అంతే గదా! భర్త పోయిన స్త్రీ ఆరు నెలలకు నవ్వినయెడల ఆ నవ్వును లెక్కపెట్టువారు ఉందురు. నొప్పిని ప్రేమకు కొలపాత్రగా పెట్టుకొన్నాము.

ఇక ఆ చికిత్స యెట్టిదో కొంచెము చెప్పవలెను. ఏలయనగా వేళ్లు ఆడించుట, కన్నులు త్రిప్పుట అనగానే ఇది వశీకరణమనియు మంత్రమనియు మనవారిలో కొందరు భయపడుదురు. దీనిని ఆంగ్ల అక్షరములతో ఇ.ఎమ్.డి.ఆర్. అందురు. ఫ్రాన్సీన్ షాపిరో అను అమెరికా స్త్రీ, 1987లో మనస్తత్వ శాస్త్రము చదువుకొనుచున్న దినములలో, ఒక పార్కులో నడచుచు తన మనస్సును కలతపెట్టుచున్న తలంపులను గూర్చి ఆలోచించుచుండెను. తన కన్నులు వేగముగా ఇటునటు కదలినప్పుడు ఆ తలంపుల బాధ తగ్గినట్లు ఆమె గమనించెను. తరువాత దానిని ఒక పద్ధతిగా తీర్చి, యుద్ధములో భయంకర దృశ్యములు చూచినవారును, బలాత్కారమునకు గురియైనవారును కలిసిన 22 మందితో చేసిన పరిశీలనను 1989లో ప్రచురించెను. ఆమె 2019లో మరణించెను. 2001లో గుజరాతు భూకంపము తరువాత మనదేశములోను కొందరు వైద్యులు ఈ పద్ధతిని నేర్చుకొనిరి.

మా సహోదరి చెప్పిన దానినిబట్టి మొదటి రెండు పర్యాయములు వేళ్లు ఆడించుటయే లేదు. ఆమె కథ అంతయు వినిరి. భయము పొంగినప్పుడు మనస్సు పోయి నిలుచుటకు నెమ్మదియైన చోటు ఒకటి తలంచుకొనుమనిరి. ఆమె పుట్టింటి వేపచెట్టు క్రింది నులకమంచమును తలంచుకొనెను. మధ్యలో ఆపవలెనన్న చేయి ఎత్తుమని నేర్పిరి. అటు తరువాత, “అన్నిటికంటె బాధపెట్టు దృశ్యమేది?” అని అడిగిరి. కుమారుని ముఖము కాదు, లాకుల దగ్గరి దృశ్యము కాదు. రేవు మెట్టుమీద మిగిలిన ఆ ఒక్క చెప్పు. “అది చూచినప్పుడు నిన్ను గూర్చి నీవు ఏమనుకొందువు?” “నేనే చంపుకున్నాను.” “ఏమనుకొనగలిగిన బాగుండునని తోచుచున్నది?” చాలసేపటికి ఆమె, “నా చేతనైంది నేను చేశాను” అన్నదట, అన్నది గాని ఆ మాటను నమ్మలేదు. బాధ 0 నుండి 10 వరకు ఎంత అని అడుగగా 10 అన్నది.

అప్పుడా వైద్యురాలు తన రెండు వ్రేళ్లను ఆమె ముఖము ఎదుట కుడికిని ఎడమకును కదలించెను. తల కదల్చక కన్నులతో మాత్రము ఆ వ్రేళ్లను వెంబడించుచు, ఆ దృశ్యమును మనస్సులో పట్టుకొనవలెను. సుమారు అర నిమిషము. ఆపి, ఊపిరి పీల్చుకొమ్మని, “ఇప్పుడేమి వచ్చినది?” అని అడుగుదురు. ఏది వచ్చిన దానితో మరల సాగుదురు. కొందరికి కన్నులకు బదులు రెండు చేతులమీద మార్చి మార్చి తట్టుదురు. ఇంతే. రోగి నిద్రపోవుట లేదు, పరవశమగుట లేదు, వేరొకరి ఇష్టమునకు లోబడుట లేదు. మెలకువగా నుండి తానే చూచుచుండును, తానే చెప్పుచుండును.

ఇది యెట్లు పనిచేయునను విషయములో పండితులందరిది ఒకే మాట కాదు. అనేకులు ఒప్పుకొను వివరణ ఇది. మనస్సునకు ఒక చిన్న పలక యున్నదనుకొనుడి. ఆ క్షణమున తలంచునదంతయు ఆ పలకమీదనే వ్రాసికొనవలెను. భయంకర దృశ్యమును దానిమీద పెట్టి, అదే సమయమున కదలు వ్రేళ్లను కన్నులతో వెంబడించునప్పుడు చోటు చాలదు. దృశ్యము మసకబారును, దాని వాడి తగ్గును. జ్ఞాపకము పెట్టెలోని చీరె వంటిది. బయటికి తీసినప్పుడెల్ల మరల మడిచి పెట్టవలెను. మడత మారినప్పుడు, మారిన మడతతోనే అది లోపల నిలుచును. కన్నుల కదలికవలన ప్రత్యేక మేలు లేదు, ఆ జ్ఞాపకమును భద్రమైన చోట ఎదుర్కొనుటయే మేలని 2001లో కొందరు పరిశోధకులు అనేక పరిశీలనలను కూర్చి చూచి చెప్పిరి. 2013లో మరికొందరు అట్లే కూర్చి చూచి, కదలికవలన కూడ కొంత మేలున్నదనిరి. ఆ 2013లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇట్టి మానసిక గాయములకు సిఫారసు చేసిన చికిత్సలలో దీనిని చేర్చెను. పనిముట్టు మంచిదని తేలినది, అది యెట్లు మంచిదను తర్కము సాగుచున్నది. మన రైతులు పశువుల పెంట వేసిన చేను పండుట చూచి, ఆ తరువాత గదా దాని సారమేమో శాస్త్రము విప్పి చెప్పెను!

ఇక ముఖ్యమైన సంగతి. ఆమె ఎనిమిది వారములు పోయివచ్చెను. మూడవ వారమో నాల్గవ వారమో వ్రేళ్లు కదలుచుండగా ఆ చెప్పు ప్రక్కన ఏదో కదలినట్లు తోచెనట. ఆపి అడిగిరి. మరల సాగించిరి. అప్పుడామెకు జ్ఞాపకము వచ్చినది: తాను చీరెతోనే కాలువలోనికి దూకినది! నోటినిండ నీళ్లు, కాళ్లకు చుట్టుకొన్న చీరె, ఎవరో జుట్టు పట్టి గట్టుకు లాగుట. ఐదేండ్లు ఆమె ఆ సంగతి ఎరుగదు. తాను గట్టున నిలుచుండి చూచుచుంటినని మాత్రమే ఎరుగును.

ఆమె తిరిగివచ్చి నాతో చెప్పినప్పుడు నాకు సందేహము కలిగినది. మనస్సు తనకు కావలసిన దానిని కల్పించుకొనును గదా! ఆనాడు రేవు దగ్గరనుండిన ఒక మనుష్యుని పొలము గట్టుమీద పట్టుకొని అడిగితిని. “అవునండి అయ్యగారూ. నేనూ మా తమ్ముడూ లాగాం. ఒకసారి లాగితే మళ్లీ దూకబోయింది. ఆమెకి తెలుసనుకున్నాం, మళ్లీ ఎందుకు ఎత్తడమని ఊరుకున్నాం” అని అతడు చెప్పెను.

నా హృదయమును ఎక్కువగా కదలించినది ఈ సంగతియే. నొప్పి ఎంత తీవ్రముగా నున్నదో అంత నిజమని మనము తలంతుము. నొప్పిని విడిచిన సత్యమును విడిచినట్లగునని ఆమె భయపడినది. అయితే ఐదేండ్లు ఆమె నొప్పి ఆమెతో అబద్ధము పలికినది. గట్టున నిలిచి చూచితివని పలికినది, నీవే చంపితివని పలికినది. యాకోబు దుఃఖము కల్లదుఃఖము కాదు, అతని కన్నీళ్లు కల్లకన్నీళ్లు కావు. అయినను అతడు పట్టుకొని ఏడ్చినది మేకపిల్ల రక్తములో ముంచిన అంగీని. సుమారు 22 ఏండ్లు ఆ అంగీ చెప్పినదే అతడు నమ్మెను. నేను ఇక్కడ పోల్చునది అంగీని మాత్రమే. యాకోబు తన కుమారుని మరల కౌగిలించుకొనెను. ఈ తల్లికి ఈ లోకములో ఆ భాగ్యము లేదు. లేదని ఆమెకు తెలియును. ఆ చికిత్స కూడ ఆమెకు అట్టి ఆశ చూపలేదు.

ఇక్కడ ఒక పెద్ద చిక్కు గలదు. ఆమెది నిర్దోషమైన చేయి గనుక అపరాధ భావము తొలగుట న్యాయమే. నిజముగా తప్పుచేసినవాని సంగతి యేమి? త్రాగి మోటారు సైకిలు నడిపి, వెనుక కూర్చున్న భార్యను పోగొట్టుకొన్నవాడు ఉన్నాడనుకొనుడి. ఆ చప్పుడు, ఆ రక్తము వానిని రాత్రివేళ నిద్రనుండి లేపుచున్నవి. వాని కన్నులను కదలించి ఆ బాధ తీసివేసినయెడల మనస్సాక్షిని కూడ తీసివేసినట్లు కాదా? ఈ ప్రశ్న నేను చాల దినములు మోసితిని.

పేతురు మూడుమారులు బొంకినప్పుడు చలికి వేసిన నిప్పుల యొద్ద నిలిచి యుండెను. బొగ్గుల మంట అను ఆ గ్రీకు మాట క్రొత్త నిబంధనలో రెండే చోట్ల వచ్చును: ప్రధానయాజకుని ముంగిట ఒకమారు, పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రపు ఒడ్డున చేపలు కాల్చినప్పుడు ఒకమారు. పేతురు తడిబట్టలతో ఒడ్డునకు వచ్చునప్పటికి అదే పొగ, అదే వాసన. ఆ వాసనకు అతని కడుపులో ఏమి తిరిగియుండునో ఆలోచించుడి. ప్రభువు ఆ నిప్పులను దాచలేదు. నీవేమియు చేయలేదని అతనితో చెప్పలేదు. ముందు భోజనము పెట్టెను. అటు తరువాత మూడుమారులు అడిగెను. ముందు రొట్టె, తరువాత లెక్క. వణకుచున్నవాడు లెక్క చెప్పలేడు. వాడు పారిపోవును, లేక త్రాగును. మన ఊళ్లలో త్రాగువారిలో ఎందరు ఏ చప్పుడునకు భయపడి త్రాగుచున్నారో మనమెన్నడైన అడిగితిమా?

ఈ చికిత్స నేర్చినవారు కూడ దోషము చేసినవాని నోట “నేను నిర్దోషిని” అను మాట నాటకూడదనియే చెప్పుదురు. నిజము కాని మాట నిలువదు. “చేసిన దానిని దిద్దుకొనగలను” అను మాట వానికి తగును. భయము తగ్గిన తరువాత వాడు అత్తమామల గడపకు పోయి క్షమాపణ అడుగగలడేమో. అడుగునా అడుగడా అనునది ఏ వైద్యుని చేతిలోను లేదు. అది వానికిని దేవునికిని మధ్య నున్నది, సంఘముగా మనమధ్యను ఉన్నది.

పేరు కొట్టివేయవలెనన్న మన పెద్దయే, “ప్రార్థన చాలదా, అయ్యగారూ?” అని నన్నడిగెను. ఆయన నిరుడు కంటి శుక్లమునకు శస్త్రచికిత్స చేయించుకొని, ఇప్పుడు అద్దములు లేకుండ బైబిలు చదువుచున్నారు. ఆ మాట జ్ఞాపకము చేయగా నవ్వి ఊరకుండిరి. మేమిద్దరము ఆ సాయంకాలము ఆమె కొరకు ప్రార్థించితిమి.

ఒక హెచ్చరిక మాత్రము చేయవలెను. ఇది చదివి ఎవరును ఇంటిలో ఒకరి కన్నుల ఎదుట ఒకరు వ్రేళ్లు ఆడించుకొనవలదు. పాత గాయమును తెరచి మూయుట నేర్వనివాడు దానిని తెరువరాదు. అందరికిని ఇది ఒకే రీతిగా పనిచేయదు. శిక్షణ పొందినవారు అన్ని ఊళ్లలో లేరు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుని అడుగుడి. 14416 అను నంబరునకు ఫోను చేసినను ప్రభుత్వమువారి ఉచిత సలహా తెలుగులో దొరకును. వాక్యము తెలిసిన మనము, ముఖ్యముగా నావంటి కాపరులు, “మరచిపొమ్ము” అను మాటను కొంతకాలము నాలుకమీదికి రానీయక యుండుట మంచిది.

ఆ సహోదరి వంతెన దాటినది. దాటిన మొదటి ఆదివారము కుమార్తె చేయి పట్టుకొని యుండెను. నడుమ నిలిచి నీళ్లవైపు చూచి, ముఖము తుడుచుకొని, తిరిగి నడచెను. ఇప్పుడు ఒంటరిగానే వచ్చును. ఆగస్టు నెలలో ఆమె నేటికిని ఏడ్చును. ఆ చెప్పు ఆమె పెట్టెలోనే యున్నది.

ఆమె నన్నడిగిన ప్రశ్నకు జవాబు ఆమెయే తెచ్చినది. ఒకనాడు ఆరాధన తరువాత అందరు వెళ్లిపోగా బల్లమీద కూర్చుండి కుమారుని సంగతులు చెప్ప మొదలుపెట్టినది. ఐదేండ్లలో నేను వానిని గూర్చి ఆమె నోట వినినది ఆ నీళ్లు మాత్రమే. వాడు ఏమి తినెడివాడో, ఎవరితో కొట్లాడెడివాడో, ఏ మాటకు నవ్వెడివాడో ఒక్కటియు వినలేదు. “ఆ చెప్పే కనపడేది, అయ్యగారూ. వాడు కనపడేవాడు కాదు. ఇప్పుడు కనపడుతున్నాడు” అన్నది. చింతగింజలు జేబునిండ నింపుకొని నిద్రపోయెడివాడట. క్రిస్మసు పాటలో ఒక మాటను ప్రతి సంవత్సరము తప్పుగా, అందరికంటె గట్టిగా పాడెడివాడట. నా ప్రసంగము సాగినప్పుడెల్ల వెల్లకిల తల పెట్టి మందిరపు కప్పు వాసములు లెక్కపెట్టెడివాడట. ముప్పదినాలుగని ఇంటికి పోయి తల్లికి చెప్పినాడట. అది చెప్పుచు ఆమె నవ్వినది. నేను తల ఎత్తి చూచితిని. ఇన్నేండ్లుగా ఆ కప్పు క్రిందనే నిలిచి మాటలాడుచు నేనెన్నడును లెక్కింపలేదు. ఇద్దరము కలిసి లెక్కపెట్టితిమి. ముప్పదినాలుగే.